ముద్రణలో లేని పుస్తకం: వారసులు దొరకకపోతే పీడీఎఫ్ పెట్టొచ్చా?

1968లో చనిపోయిన రచయిత పుస్తకానికి మన దేశంలో కాపీరైట్ 2028 డిసెంబర్ 31 దాకా ఉంటుంది. లోపలి బొమ్మల లెక్క వేరు: చిత్రకారుడు పోయాక మళ్లీ 60 ఏళ్లు. గ్రంథాలయంలో మిగిలిన ప్రతికి అట్ట ఊడింది, కాగితం ముట్టుకుంటే పొడిగా రాలుతోంది. కాపీరైట్ చట్టం సెక్షన్ 52 ప్రకారం లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన దగ్గరున్న ప్రతిని స్కాన్ చేసి భద్రపరచుకోవచ్చు, అంతవరకూ పేచీ లేదు. నెట్‌లో అందరికీ పెడితేనే చిక్కు. హక్కుదారులు దొరకని పుస్తకాన్ని ప్రచురించడానికి అదే చట్టం సెక్షన్ 31ఏ కింద లైసెన్సు అడగాలంటే ముందు ఇంగ్లిష్ దినపత్రికలో ప్రకటన వేయాలి. ఉచితంగా పంచే పుస్తకానికి ఆ ఖర్చు ఎవరు పెడతారండీ?

"అభ్యంతరం చెబితే తీసేస్తాం" అని రాసి పెట్టేయడం చట్టరీత్యా రక్షణ కాదు. నైతికంగానైనా సరిపోతుందంటారా? 31ఏ దారిలో వెళ్లినవారుంటే ఎంత ఖర్చయిందో, వారసుల కోసం ఎక్కడెక్కడ వెతికితే చాలన్నారో చెప్పగలరా?