డీసీ కరెంటుని తెలుగులో ఏమనాలి? ‘ఏకముఖ’ అంటే నాన్నకి రుద్రాక్ష గుర్తొచ్చింది

అందరికీ నమస్కారం. మాది ఉద్దానం, కవిటి దగ్గర. ఇంట్లో నెట్ నుంచి పాటలు తెచ్చి వినిపించే చిన్న డబ్బా ఒకటుంది, నాన్న పొద్దుటి నుంచీ దాని దగ్గరే ఉంటారు. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద నడిచేది. చూస్తే ఇన్వర్టర్ ఏమో బ్యాటరీలోని 12 వోల్టుల్ని 230కి ఎక్కిస్తోంది, అడాప్టర్ మళ్ళీ దాన్ని 12కి దించి డబ్బాకి ఇస్తోంది, ఈ ఎక్కీ దిగీలో కొంత వేడైపోయి బ్యాటరీ ఊరికే అయిపోతోంది. అందుకే డబ్బానీ రౌటర్‌నీ నేరుగా బ్యాటరీకే కలిపేద్దామని కూర్చున్నాను.

నాన్న పక్కన కూర్చుని ఏం చేస్తున్నావురా అని అడిగారు. బ్యాటరీ నుంచి ఒకే వైపు పారే డీసీ కరెంటుకి పుస్తకంలో చదివిన మాటే చెప్పాను, దీన్ని ఏకముఖ విద్యుత్తు మీద నడుపుతున్నాను నాన్నా అని. ఆయన చాలా సీరియస్‌గా ‘ఏకముఖి రుద్రాక్ష విన్నాను గానీ ఇదేటిరా’ అన్నారు. అప్పట్నుంచీ ఆలోచిస్తున్నాను, పదో తరగతి దాటిన మనిషికి కూడా అర్థం కాని మాట మనకెందుకు? అడాప్టర్ వెనక చీటీ చూడండి, లోపలికొచ్చే కరెంటు దగ్గర పాము మెలికలాంటి గీత, బయటికెళ్ళే దగ్గర తిన్నటి గీత, దాని కింద మూడు చిన్న ముక్కలు. బొమ్మ చూస్తేనే తెలిసిపోతోంది, మాట వింటే తెలియట్లేదు. మా వైపు దారి చెప్పినప్పుడు ‘తిన్నగా ఎల్లిపో’ అంటాం కదా, మరి డీసీని ‘తిన్న కరెంటు’ అంటే తప్పా?

జవాబు (విజయనగరం నుంచి, ఫిజిక్స్ చెప్పే మాస్టారు)
బాబూ, నీ బాధ నేను ఏటా క్లాసులో చూస్తున్నాను. అసలు చిక్కు ఏకముఖతో కాదు, దాని జత మాటతో. ఏసీకి, అంటే లైనులో ఇంటికొచ్చే కరెంటుకి, మన పుస్తకాల్లో ఏకాంతర విద్యుత్తు అని ఉంటుంది. ఏక, అంతర, అంటే ఒకటి విడిచి ఒకటి, ఏకాంతర కోణాలు అన్నామే లెక్కల్లో, అదే ఇది. కానీ పిల్లల చెవికి ‘ఏకాంతం’ వినిపిస్తుంది. పైగా ఎదురెదురు అర్థాలున్న రెండు మాటలూ ‘ఏక’తోనే మొదలవుతాయి, పరీక్షలో సగం మంది తారుమారు చేసేది అందుకే. హిందీ వాళ్ళు ప్రత్యావర్తీ ధారా, దిష్ట్ ధారా అన్నారు, పలకడం కష్టమే గానీ ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకోరు. మన ఇళ్ళకొచ్చే కరెంటు సెకనుకి 50 సార్లు ముందుకీ వెనక్కీ ఊగుతుంది, అందుకని నేను ‘ఊగే కరెంటు’ అని చెప్పి ఆ తరవాత పుస్తకం మాట రాయిస్తాను. నీ ‘తిన్న కరెంటు’ మాత్రం ఒప్పుకోలేను, అన్నం తిన్న అన్నట్టు ఉంది. తిన్నటి అను, లేదా తిన్నగా వెళ్ళే అను.

జవాబు (పాలకొండ నుంచి, రేడియోలు బాగుచేసేవాడిని)
మాస్టారు సెప్పింది నిజం. నాదొక మాట. పాత రోజుల్లో అడాప్టర్ని మేం ‘ఎలిమినేటర్’ అనేవోళ్ళం, ఇప్పటికీ పెద్దోళ్ళు అదే అడుగుతారు. రేడియోలో సెల్లులు అక్కర్నేకుండా తీసీసేది కాబట్టి ఆ పేరు. ఇప్పుడు నువ్వు ఆ ఎలిమినేటర్నే తీసీసి బ్యాటరీని మళ్ళా తెచ్చినావు, మాట ఎనక్కి తిరిగొచ్చినాది. మాటల సంగతి ఎలాగున్నా తమ్ముడూ ఇది సూసుకో. 12 వోల్టుల బ్యాటరీ అని రాసుంటాది గానీ సార్జింగు మీద 14 దాటుతాది, దిగిపోతే 11కి వచ్చేత్తాది. తిన్నగా కలిపీకు, మద్దిన ఎక్కించీ దించీ రకం డీసీ కన్వర్టర్ పెట్టు. బ్యాటరీ ప్లస్ దగ్గరే ఫ్యూజ్ ఎయ్యి. పిన్ను లోపల ప్లస్సో బయట ప్లస్సో అడాప్టర్ మీదున్న బొమ్మ సూసి మీటర్ పెట్టి మరీ సూడు, తేడా వస్తే డబ్బా పోతాది.

మొదటి పోస్టు రాసినవాడిని మళ్ళీ
మాస్టారూ, అన్నా, ఇద్దరికీ దండాలు. అన్న చెప్పినట్టే కన్వర్టరూ ఫ్యూజూ పెట్టాను, నిన్న సాయంత్రం కరెంటు పోయినా పాట ఆగలేదు. ఇంకో సంగతి గుర్తొచ్చింది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు కొబ్బరిచెట్లూ స్తంభాలూ కలిసి పడిపోయి రోజుల తరబడి చీకట్లో ఉన్నాం, ఊళ్ళో ఒక ట్రాక్టర్ బ్యాటరీకి అందరం వంతులేసుకుని ఫోన్లు పెట్టుకున్నాం. అప్పుడు ఏసీ డీసీ అన్న మాటే ఎవరి నోటా రాలేదు. ‘లైను కరెంటు ఎప్పుడొస్తాదో, అందాకా బ్యాటరీ కరెంటే’ అన్నారు, ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ అందరూ. మాట అప్పటికే ఉంది, నేనే పుస్తకంలో వెతుక్కున్నాను.

వైరుకి ఒక చీటీ అతికించాను: ‘బ్యాటరీ కరెంటు, 12, నడుమ ప్లస్’. నాన్న కళ్ళజోడు పెట్టుకుని చదివి, రౌటర్ వైరుకి కూడా ఒకటి రాయమన్నారు.