ఆడవాళ్ళ ఇంప్రొవ్ జట్టు: హెరాల్డ్‌లో రెండో విడత ఎందుకు చప్పబడుతోంది?

పెన్నగట్టు (నెల్లూరు)
ఏడుగురు ఆడవాళ్ళం లాంగ్‌ఫామ్ ఇంప్రొవ్ (అప్పటికప్పుడు అల్లుకుంటూ ఆడే నిడివైన నాటకం) మొదలుపెట్టాం. స్క్రిప్టు ఉండదు, ప్రేక్షకులిచ్చిన ఒక్క మాట మీద దాదాపు అరగంటలో ముగించాల్సిన హెరాల్డ్, అంటే మూడు సీన్లు మూడు విడతలుగా తిరిగొచ్చే ఆట. మొదటి మూడు సీన్లు నవ్విస్తున్నాయి, అవే రెండోసారి వచ్చేసరికి చప్పబడుతున్నాయి. సీను ఎప్పుడు కోయాలో తెలియక ఒక్కోటి ఆరేడు నిమిషాలు సాగుతోంది. మాట అడిగితే హాల్లోంచి హీరోల పేర్లే వస్తాయి. మగపాత్ర అనంగానే అందరూ గొంతు లావు చేసి మీసం తిప్పుతారు. ఎట్ట సరిచేసుకోవాలి?

ఒంగోలు_వింగ్
అక్కా, రెండో విడతలో మీరు కథ కొనసాగిస్తున్నట్టుంది. చెడేది అక్కడే. మొదటి సీన్లో కండక్టరమ్మ చిల్లర ఇవ్వకుండా దాని బదులు సంసారం సలహాలు ఇచ్చిందనుకోండి. బస్సు కావలి చేరిందా లేదా ఎవరికీ పట్టదు. బాకీని సలహాతో చెల్లగొట్టే ఆ తీరే గేమ్. రెండో విడతలో ఆమెను బ్యాంకుకు పంపండి, కుదువపెట్టిన గాజులు విడిపించుకోను మేనేజరుకు డబ్బు బదులు సలహా ఇస్తుంది. మూడోసారి ఇంకా పెద్ద చోటు, అక్కడికి మిగతా రెండు సీన్లవాళ్ళూ దిగాలి.

ఓపెనింగుకు (ఇచ్చిన మాట మీద అందరూ కలిసి ఊహలు పోగేసేది) మూడు నిమిషాలు, మొదటి విడత సీను ఒక్కోటి మూడు నిమిషాలు, రెండో విడతవి రెండేసి, చివరివి ఒక్కో నిమిషం. నడుమ జట్టంతా కలిసి ఆడే గ్రూప్ గేమ్‌లు రెండు, రెండేసి నిమిషాలు. మొత్తం 25 నిమిషాలు. అమెరికా ఇంప్రొవ్ గురువు డెల్ క్లోజ్ 1967లో శాన్‌ఫ్రాన్సిస్కోలో హెరాల్డ్ మొదలుపెట్టినప్పుడు ఇంత కచ్చితమైన చట్రం లేదు, ఈ మూడు మూళ్ళ లెక్క తర్వాత షికాగోలో నేర్పడం కోసం కుదిరింది. చేయి తిరిగాక వదిలేయొచ్చు.

కోత పని సీన్లో ఉన్నవాళ్ళది కాదు, వెనక వరసలో నిలబడినవాళ్ళది. స్టేజి ముందు అంచునుంచి అడ్డంగా పరుగెత్తితే సీను అయిపోయినట్టు. తర్వాతి సీను తట్టలేదని ఆగుతారు, అందుకే ఆలస్యం. కోసినామె సీను మొదలుపెట్టనక్కర్లేదు, ఎవరో ఒకరు దిగుతారు. సాధనలో రెండో పెద్ద నవ్వుకు కోసి తీరాలని పెట్టుకోండి. తొందరపడి కోసినా నష్టం తక్కువే, ఆ పాత్రలు మళ్ళీ వస్తాయి కదా.

సింగరాయకొండ_స్టేజి
“ఒక మాట చెప్పండి” అంటే హీరోల పేర్లే వస్తాయి. “మీ ఇంట్లో బీరువా మీద ఏముంది?” అనడగండి. పాత సూట్‌కేసో, పెళ్ళి ఆల్బమో వస్తుంది, దానెనకే ఓపెనింగుకు సరిపడా సంగతులు. విన్న మాటను గట్టిగా మళ్ళీ చెప్పండి, వెనక వరసకూ తెలియాలి.

మగపాత్రకు మీసం తీసేయండి. అతనికి ఏం కావాలి, ఎవరంటే భయం, ఈ రెండూ ముందు తేల్చుకుని, ఒళ్ళు ఎక్కడ బరువుగా ఉంటుందో చూసుకోండి: మెడా, నడుమా, మోకాళ్ళా. ఆడవేషాలకు పేరుపొందిన, బాపట్లలో పుట్టిన నటుడు స్థానం నరసింహారావు గారు సత్యభామను నిలబెట్టింది ప్రధానంగా నడకతో, చూపుతో, గొంతు నడిపిన తీరుతో. మగవాళ్ళను ఆడేవాళ్ళకూ అదే దారి. మొదటి వాక్యంలోనే “ఏం నాన్నా” అని ఎదుటామె పిలిస్తే ఎవరెవరో తేలిపోతుంది, గొంతు మార్చే పనే ఉండదు.

పెన్నగట్టు
గ్రూప్ గేమ్‌లో ఏడుగురం ఒకేసారి మాట్లాడుతున్నాం. హాల్లో చేతి మైకులు రెండే.

ఒంగోలు_వింగ్
చేతి మైకు వద్దు, ఒక చేయి పోతుంది, అందించుకునేసరికి ఊపు చస్తుంది. కాలర్ మైకు పైటకు రాసుకుని గరగరమంటుంది. వందమంది లోపు హాలైతే ఫ్యాన్లు తగ్గించి మైకు లేకుండానే ఆడండి. పెద్దదైతే స్టేజి అంచున రెండు మూడు మైకులు నేలమీద పెట్టించండి, కింద స్పాంజి ఉండాలి, లేకుంటే అడుగుల చప్పుడే వినిపిస్తుంది. గ్రూప్ గేమ్‌లో మొదటామె ఒకటి చేస్తుంది, రెండో ఆమె దాన్నే ఇంకాస్త పెంచుతుంది, మూడో ఆమెతో పద్ధతి ఖాయం. అప్పటిదాకా మిగతా నలుగురూ నోరు విప్పకూడదు.