హైదరాబాద్ రెండు రోజులు, ఐదుగురం: డే పాసు కొనాలా వద్దా?

దేవరకొండరోడ్డు
నమస్తే అందరికీ. మాది నల్గొండ. పిల్లలకు హైదరాబాద్ చూపిస్తానని మాటిచ్చి ఇరుక్కున్నాను. వచ్చే గురువారం పొద్దున బస్సెక్కి శుక్రవారం రాత్రికి ఇంటికి వచ్చేయాలి. నేను, మా ఆవిడ, అమ్మ (63 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు), పదేళ్ళ బాబు, ఏడేళ్ళ పాప. రాత్రి దిల్‌సుఖ్‌నగర్‌లో బామ్మర్ది ఇంట్లో పడుకుంటాం, లాడ్జి ఖర్చు లేదు. చూడాల్సినవి చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, గోల్కొండ, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్ బుద్ధుడు, వీలైతే జూ.

పోయినసారి ఒక్కరోజుకే ఆటోలకు 1,400 అయింది, అంతా చేసి చూసింది చార్మినార్ ఒక్కటే. ఈసారి ఆటో ఎక్కొద్దని ఒట్టు పెట్టుకున్నా. ఆర్టీసీలో 24 గంటల పాసు ఉందంటున్నారు, నలుగురికి కలిపి ఫ్యామిలీ టికెట్ కూడా ఉందని ఎవరో చెప్పారు, మెట్రో కార్డు ఇంకోటి. ఇవి కాక ఫోన్‌లో "సిటీ టూర్ 40 శాతం తగ్గింపు" అని ఒక కూపన్ రోజూ కనిపిస్తోంది. ఏది కొనాలి, ఏది వదిలేయాలి?

ఇమ్లీబన్‌ప్యాసింజర్
అన్నా, ముందు మీ ఇంట్లో టికెట్ ఎవరికి పడుతుందో లెక్క చూడు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం నడుస్తోంది కదా, తెలంగాణ ఆడవాళ్ళకు, ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో, హైదరాబాద్‌లోనైతే సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో ఉచితం. అంటే అమ్మ, వదిన, పాప ముగ్గురికీ జీరో టికెట్. మిగిలింది నువ్వు, బాబు. పదేళ్ళంటే అర టికెట్. ఇక ఫ్యామిలీ పాసు ఎవరి కోసం? పైగా నువ్వు విన్న ఆ ఫ్యామిలీ టికెట్ (ఎఫ్-24 అనేవాళ్ళు) 2024 జనవరి నుంచే లేదు. ఉచిత ప్రయాణం వచ్చాక బస్సుల్లో ఆ రద్దీకి కండక్టర్లు అందరి కార్డులూ, వయసులూ చూసి ఆ టికెట్లు కొట్టలేకపోయారు, అందుకే ఆపేశారు.

కాబట్టి నీ ఒక్కడికే ఆ 24 గంటల పాసు, దాన్నే టీ-24 అంటారు. బస్సులోనే కండక్టర్ ఇస్తాడు, ఫొటో, ఫారం ఏమీ అక్కర్లేదు. 2023లో దాన్ని 100 నుంచి 90కి తగ్గించారు, తర్వాత ఛార్జీలు పెరిగాయి, ఇప్పటి ధర కండక్టర్‌నే అడుగు. 2025 అక్టోబరులో సిటీ బస్సుల్లో మొదటి మూడు స్టేజీలకు 5, ఆ పైన 10 రూపాయలు పెంచారు గనుక రోజుకు నాలుగైదు సార్లు ఎక్కి దిగేవాడికి పాసే లాభం. రెండు సార్లే ఎక్కేటట్టుంటే మాత్రం మామూలు టికెట్ చాలు.

ఇంకో కిటుకు. ఆ పాసు తేదీ మారితే అయిపోయేది కాదు, కొట్టిన టైము నుంచి 24 గంటలు. టికెట్ మీదే టైము పడుతుంది. గురువారం పదకొండింటికి మొదటి సిటీ బస్సులో తీసుకున్నావనుకో, శుక్రవారం పదకొండు దాకా అదే నడుస్తుంది. అంటే శుక్రవారం పొద్దున గోల్కొండకు పోయే ఖర్చు కూడా అందులోనే.

జడ్చర్లఅక్క
పాసు సంగతి సరే గానీ తమ్మీ, శుక్రవారం సాలార్‌జంగ్ బంద్! చౌమహల్లా ప్యాలెస్ కూడా శుక్రవారమే సెలవు. మేం ఒకసారి మహబూబ్‌నగర్ నుంచి కాచిగూడ రైల్లో పోయి, అక్కడ నుంచి ముగ్గురు పిల్లలను వేసుకుని ఎండలో అఫ్జల్‌గంజ్ దాకా నడిచి పోతే మ్యూజియం గేటుకు తాళం. మా చిన్నోడు గేటు కమ్మీలు పట్టుకుని "గడియారం ఏదీ" అని ఒకటే ఏడుపు. వాడిని ఊరుకోబెట్టడానికి కొన్న ఐస్‌క్రీమ్‌లు టికెట్ల కంటే ఎక్కువైనయి. తప్పు మాదే, ముందు చూసుకోలేదు. అందుకని పాతబస్తీ అంతా గురువారమే పెట్టుకోండి. శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదు దగ్గర నమాజు రద్దీ ఉంటుంది, బస్సులు కదలవు.

సాలార్‌జంగ్‌లో ఆ సంగీత గడియారం దగ్గరికి పన్నెండు కొట్టేలోపు చేరుకోండి. గంట గంటకూ తలుపు తెరుచుకుని చిన్న గడ్డపు మనిషి బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి పోతుంది. ఒంటిగంటకు పోతే ఒక్కటే దెబ్బ, పన్నెండుకైతే పన్నెండు! జనం పావుగంట ముందే వచ్చి కూర్చుంటారు, అమ్మకు కూడా కాళ్ళు చాపుకోవడానికి చోటు దొరుకుతుంది.

ఇంకో మాట. ఆడవాళ్ళ ఉచిత టికెట్‌కు ఆధార్ ఒరిజినల్ పెట్టుకోండి, జిరాక్సు, ఫోన్‌లో ఫొటో నడవవు. అడ్రసులో తెలంగాణ అని ఉందో లేదో కూడా చూడండి. మా అత్తమ్మ కార్డు రాష్ట్రం విడిపోకముందుది, "ఆంధ్ర ప్రదేశ్" అనే ఉండె. మేం మార్పించలేదు, టికెట్ కొనాల్సి వచ్చింది.

దేవరకొండరోడ్డు
శుక్రవారం సంగతి చెప్పి బతికించారక్కా, నేను మ్యూజియం శుక్రవారానికే రాసుకున్నా. ఇంకో డౌటు. ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కితే అమ్మకు సుఖంగా ఉంటుందా? సిటీ బస్సులో నిలబడాల్సి వస్తే ఆమె వల్ల కాదు.

నకిరేకల్2ఎల్బీనగర్
నేను రోజూ ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేట పోతా. మెట్రో సుఖమే, లిఫ్టు ఉంటుంది, ఏసీ ఉంటుంది. కానీ డబ్బు ఆదా చేయడానికి అది కాదు. అక్కడ ఆడవాళ్ళకు ఉచితం లేదు, పిల్లలకు అర టికెట్ లేదు, మూడడుగులు దాటితే ఫుల్లే. 2025 మే నెలలో ఛార్జీలు పెంచి మళ్ళీ కొంచెం తగ్గించాక 11 నుంచి 69 రూపాయలు అయింది. మీ ఐదుగురూ ఎక్కితే ఐదు టికెట్లు. మరి పెద్దావిడ మోకాళ్ళు కూడా లెక్కలోకి రావాలి కదా, రోజుకు ఒక్కసారి, బాగా అలసిపోయిన పూట మెట్రో ఎక్కండి. నేనైతే శుక్రవారం సాయంత్రం ట్యాంక్‌బండ్ చూశాక ఖైరతాబాద్‌లో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగమంటాను, ఒకటే లైను, మారే పని లేదు, నల్గొండ బస్సు అక్కడే దొరుకుతుంది. ఆ టైములో సిటీ బస్సులో పడితే ఎప్పుడు చేరతారో దేవుడికే తెలియాలి.

బస్సు బోర్డు చూసి ఎక్కండి. మెట్రో డీలక్స్ అని ఉంటే అందులో ఆడవాళ్ళకూ టికెట్టే. నల్గొండ నుంచి వచ్చేటప్పుడు కూడా అంతే, డీలక్స్, సూపర్ లగ్జరీ ఎక్కితే ఉచితం పోయినట్టే.

చార్మినార్, గోల్కొండ రెండింటికీ పెద్దలకు 25 రూపాయలు. గేటు దగ్గర క్యూఆర్ స్కాన్ చేసి కొంటే మనిషికి 5 తగ్గుతుంది, లైను కూడా తప్పుతుంది. పదిహేనేళ్ళలోపు పిల్లలకు టికెట్ లేదు, ఎవరైనా పిల్లలకు కూడా కొనమంటే కొనకండి. గోల్కొండలో అమ్మను పైదాకా ఎక్కించకండి. ఆమెను కింద కోట ద్వారం గుమ్మటం దగ్గర కూర్చోబెట్టి చప్పట్లు కొట్టమనండి, పిల్లలు పైన బాలా హిస్సార్‌లో వింటారు. బిర్లా మందిర్ ఉచితం, ఫోన్లు మాత్రం లోపలికి రానివ్వరు.

ఆ కూపన్ జోలికి పోవద్దు. మా చుట్టాలు అలాంటిదే ఒకటి కొన్నారు. ఆరు చోట్లు అని చెప్పి అందులో రెండు ముత్యాల దుకాణాలు, అక్కడ ముప్పావుగంట. గోల్కొండ దగ్గర మాత్రం "ఇరవై నిమిషాల్లో వచ్చేయాలి" అన్నారట. ఎంట్రీ టికెట్లు విడిగా. 40 శాతం తగ్గింది కదా అని కొంటే మీ బస్సు లెక్కకు మూడింతలవుతుంది.

రాయగిరివాసి
జూ వదిలేయండి, అదొక్కటే రోజంతా పడుతుంది, మోకాళ్ళ నొప్పులతో అసలే వద్దు. బుద్ధుడి దగ్గరికి పడవలో పోతే పిల్లలకు చెప్పండి, ఆ రాయి భువనగిరి పక్కన మా రాయగిరి గుట్టది. 1990లో విగ్రహాన్ని తరలిస్తుంటే నీళ్ళలో పడిపోయింది, పది మంది చనిపోయారు, రెండేళ్ళు హుస్సేన్‌సాగర్ అడుగునే ఉండి 1992లో లేచి నిలబడింది. అసలు డబ్బు మిగిలేది తిండి దగ్గర. మొదటి రోజుకు పులిహోర సద్ది కట్టుకుపోండి, ఐదుగురికి హోటల్‌లో ఒక పూట అంటే మీ రెండు రోజుల బస్సు ఖర్చు దాటిపోతుంది.

దేవరకొండరోడ్డు
అందరికీ మస్తు థ్యాంక్స్. గురువారం దిల్‌సుఖ్‌నగర్‌లో సంచులు పడేసి సిటీ బస్సులో నాకొక టీ-24, బాబుకు అర టికెట్. పన్నెండుకు గడియారం, తర్వాత చౌమహల్లా, చార్మినార్. శుక్రవారం పదకొండులోపు గోల్కొండ బస్సెక్కేయాలి, మధ్యాహ్నం బిర్లా మందిర్, చీకటి పడేటప్పుడు బుద్ధుడు, అక్కడ నుంచి మెట్రో. జూ లేదని బాబుకు ఇంకా చెప్పలేదు.

అక్కా, మీ మాట చదివి ఇప్పుడే అమ్మ ఆధార్ తీసి చూశా. ఆంధ్ర ప్రదేశ్ అనే ఉంది! ఓటరు కార్డు కోసం బీరువా అంతా వెతికాం, చివరికి బియ్యం డబ్బా కింద రేషను కార్డుతో కలిపి కవరులో దొరికింది. ఓటరు కార్డు మీద తెలంగాణ ఉంది, బస్సులో అదే చూపిస్తాం.