చెట్టు మీంచి పడ్డ రెండేళ్లకి ఫిట్స్ వస్తాయా?

కోనసీమ కుర్రాడు: మా నాన్న కొబ్బరి దింపు తీస్తారు. రెండేళ్ల కిందట చెట్టు మీంచి పడ్డారు. పుర్రె ఎముక లోపలికి నొక్కుకుపోయిందని ఆపరేషన్ చేశారు. తర్వాత బాగానే తిరిగారు. మొన్న కనుమ నాడు అన్నం తింటుంటే కుడిచెయ్యి కొట్టుకోవడం మొదలైంది, కంచం తన్నేసి పడిపోయారు. అప్పటి దెబ్బ వల్లేనా?

లంకరైతు: దెబ్బ వల్లయితే అప్పుడే రావాలి. రెండేళ్లు ఎక్కడ దాక్కుందండీ?

రాజోలు నర్సమ్మ: మెదడు గాయం మానినా మచ్చ మిగులుతుంది. ఫిట్స్ అక్కణ్ణుంచి నెలలకో, ఏళ్లకో మొదలవ్వచ్చు. అమెరికాలోని మిన్నసోటాలో 1998 నాటి లెక్క చూడండి. తీవ్రమైన దెబ్బ తగిలినవాళ్లలో ఐదేళ్లలోపు నూటికి పది మందికి వచ్చాయి. చిన్న దెబ్బలకైతే నూటికి ఒక్కరు కూడా లేరు.

లంకరైతు: అంటే తొంభై మందికి రాలేదు! మీరే చెప్పారు.

పండుగాడు: తాళాలగుత్తి చేతిలో పెట్టండి, ఆగిపోద్ది.

రాజోలు నర్సమ్మ: తాళాలూ వద్దు, నోట్లో స్పూనూ వద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోన్ చెయ్యండి.

లంకరైతు: ఆస్పత్రిలో ఫిట్స్ మాత్ర వారం వాడి ఆపేస్తారు కదా. ముందుముందు వస్తాయనుకుంటే ఎందుకు ఆపుతారు? దీనికి చెప్పండి.

రాజోలు నర్సమ్మ: ఫెనిటాయిన్ అనే ఆ ఫిట్స్ మందు, దెబ్బ తగిలిన మొదటి వారంలో వచ్చేవాటినే తగ్గిస్తుంది, తర్వాత వచ్చేవాటిని ఆపదని 1990లోనే తేలింది. అందుకే ఆపుతారు. ఇక రానే రావని కాదు.

లంకరైతు: మీకేం, చెప్తారు. నా తోటలో ఒకడు పడ్డాడు. పది రోజులు ఆస్పత్రి ఖర్చు నేనే పెట్టుకున్నా. మూడేళ్లయ్యాక ఇప్పుడు మూర్ఛలంటూ పెద్దమనుషుల్ని వెంటేసుకొచ్చాడు. ఎన్నాళ్లు కట్టాలి నేను?

కోనసీమ కుర్రాడు: మేం ఎవర్నీ డబ్బు అడగలేదండీ. నాన్న మళ్లీ మోకు తీశారు, సోమవారం నుంచి ఎక్కుతానంటున్నారు. అమ్మ దాన్ని గడ్డివాములో దాచింది. నాకు టెన్షన్ అందుకే.

రాజోలు నర్సమ్మ: చెట్టెక్కనివ్వకు బాబూ, బండి కూడా నడపనివ్వకు. న్యూరాలజీ డాక్టరుకి చూపించు. మందు ఇస్తే చెప్పకుండా మానొద్దు. లంకరైతు గారూ, దెబ్బ వల్లేనని నేనూ ఒట్టేయను. బద్దెపురుగు తిత్తులు మెదడులో చేరినా ఫిట్స్ వస్తాయి. స్కాన్ తీస్తేనే తెలిసేది.

లంకరైతు: అది పాత మచ్చో కాదో స్కాన్‌లో తెలుస్తుందా?

రాజోలు నర్సమ్మ: అప్పటి స్కాన్, డిశ్చార్జి కాగితాలు ఉంటే పక్కపక్కన పెట్టి చూస్తారు.

లంకరైతు: మావాడివి నా బీరువాలోనే ఉన్నాయి. బిల్లు నేను కట్టాను కదా.