డాలస్ నుంచి హైదరాబాద్: పాప కార్ సీట్ విమానంలోకా, లగేజీలోకా?

ప్లేనో_పద్మిని
అందరికీ నమస్కారం. డిసెంబర్‌లో డాలస్ నుంచి దోహా మీదుగా హైదరాబాద్ వెళ్తున్నాం, సంక్రాంతి అయ్యాక తిరుగు ప్రయాణం. పాపకి రెండో పుట్టినరోజు అక్కడే వస్తుంది. రెండేళ్ల లోపు పిల్లలు విడిగా సీటు లేకుండా ఒళ్లో కూర్చుని వెళ్లొచ్చు కాబట్టి వెళ్లేటప్పుడు ఒళ్లో టికెట్, వచ్చేటప్పుడు సీటు అని మా ఆయన లెక్క. ఇప్పుడే 25 పౌండ్లుంది. డాలస్–దోహా ఒక్కటే 14 గంటల పైమాట, అంతసేపు ఒళ్లో అంటే నాకు టెన్షన్‌గా ఉంది. పోనీ సీటు కొంటే, కార్లో పాపని బెల్టు పెట్టి కూర్చోబెట్టే కార్ సీట్‌ని లోపలికి తీసుకెళ్లడం నిజంగా పనికొచ్చేదేనా? మా అత్తయ్యగారు ఫోన్లో "విమానంలోకి కూడా కుర్చీ మోసుకెళ్తారా, ఎవరైనా వింటే నవ్విపోతారు" అంటున్నారు. వాడినవాళ్లు చెప్పండి ప్లీజ్.

గుంటూరు_టు_ఫ్రిస్కో
పద్మిని గారూ, ముందు టికెట్ సంగతి తేల్చుకోండి. ప్రయాణం మధ్యలో రెండేళ్లు నిండితే తిరుగు ప్రయాణానికి సీటు కొనాల్సిందే. కొన్ని ఎయిర్‌లైన్స్ అయితే రెండు వైపులా చైల్డ్ టికెట్టే తీసుకోమంటాయి. ఒళ్లో టికెట్‌కి ఇంటర్నేషనల్‌లో మామూలుగా పెద్దవాళ్ల ఛార్జీలో పది శాతం దాకా తీసుకుంటారు. చైల్డ్ టికెట్ చాలాచోట్ల డెబ్బై ఐదు శాతం దగ్గర ఉంటుంది. ఈ రెండిటికీ మధ్య తేడా చూస్తే గుండె గుభేలుమంటుంది, నిజమే. కానీ సీటు కొన్నాక కార్ సీట్ లేకుండా వెళ్లడంలో నాకు అర్థం కనిపించదు. రెండేళ్ల పిల్ల ఆ పెద్ద సీట్లో పది నిమిషాలు కూడా ఉండదు, మళ్లీ మీ ఒళ్లోకే వస్తుంది. కార్ సీట్‌లో అయితే అది రోజూ కూర్చునే చోటే కాబట్టి బెల్టు పెట్టగానే పడుకుంటుంది. మావాడు టేకాఫ్ అవ్వకముందే నిద్రపోయే రకం.

ఇంకోటి, సీట్ వెనకో పక్కనో స్టిక్కర్ చూడండి. వాహనాల్లోనూ విమానాల్లోనూ వాడొచ్చని ఎర్ర అక్షరాల్లో రాసి ఉండాలి. అది లేకపోతే గేట్ దగ్గరే ఆపేస్తారు. అడుగున ప్లాస్టిక్ దిమ్మ మాత్రమే ఉండే బూస్టర్లు టేకాఫ్, ల్యాండింగ్‌లకి పనికిరావు.

బాసినెట్_భక్తుడు
నేను వేరే మాట చెప్తా, తిట్టకండి. పిల్ల చిన్నదైతే బాసినెట్ సీటు అడిగి తీసుకోవడమే సుఖం. మా చిన్నది ఆరు నెలలప్పుడు ముందు గోడకి తగిలించే ఆ ఉయ్యాల్లో హాయిగా వచ్చింది. కార్ సీట్ మోత, సెక్యూరిటీలో తిప్పలు, విమానంలో ఇరుకు దారి... ఇవన్నీ ఎందుకు?

గుంటూరు_టు_ఫ్రిస్కో
ఆరు నెలలకి సరే అన్నా. 25 పౌండ్లంటే పదకొండు కేజీల పైన, చాలా బాసినెట్లు పది పదకొండు కేజీల దగ్గరే ఆపేస్తాయి. పైగా సీట్‌బెల్ట్ లైటు వెలిగిన ప్రతిసారీ నిద్రలో ఉన్న బిడ్డని లేపి ఒళ్లోకి తీసుకోవాలి. ఆ ఏడుపు విన్నవాడికే తెలుస్తుంది.

మాజీ_క్యాబిన్_క్రూ
నేను గల్ఫ్‌లో కొన్నేళ్లు క్యాబిన్ క్రూగా చేశాను, ఇప్పుడు విశాఖలో ఉంటున్నా. ఒళ్లో పిల్లల గురించి ఎవరూ గట్టిగా చెప్పరు కాబట్టి నేను చెప్తా.

గల్ఫ్, యూరప్, ఇండియా విమానాల్లో ఒళ్లో బిడ్డకి చిన్న అదనపు బెల్టు ఇస్తారు, తల్లి బెల్టుకి దాన్ని తగిలిస్తారు. అమెరికా విమానాల్లో టేకాఫ్, ల్యాండింగ్ టైంలో దాన్ని వాడనివ్వరు. ఎందుకంటే గట్టి కుదుపు వస్తే తల్లి శరీరం ముందుకు ఒరిగి మధ్యలో ఉన్న బిడ్డనే నలిపేస్తుంది. అంటే అమెరికా విమానంలో ఒళ్లో బిడ్డకి ఉన్నది చేతులు మాత్రమే. పది కేజీల బిడ్డ బరువు పెద్ద కుదుపులో ఎన్నో రెట్లవుతుంది, అప్పుడు ఎంత బలవంతుడి చేతులైనా వదిలేస్తాయి.

1989 జులై 19న డెన్వర్ నుంచి షికాగో వెళ్తున్న యునైటెడ్ 232 విమానం అయోవాలోని సూ సిటీలో కూలిపోయింది. అందులో ఒళ్లో పిల్లలు నలుగురున్నారు. అప్పటి పద్ధతి ప్రకారం వాళ్లని తల్లుల కాళ్ల దగ్గర నేల మీద పెట్టించారు. ఒక బాబు చనిపోయాడు. ఆ సూచన ఇచ్చిన చీఫ్ ఫ్లైట్ అటెండెంట్ జాన్ బ్రౌన్, ఆ తల్లికి ఎదురుపడ్డ తర్వాత, రెండేళ్ల లోపు పిల్లలకీ సీటు తప్పనిసరి చేయాలని దశాబ్దాల పాటు పోరాడారు. ప్రమాదాలు విచారించే ఎన్‌టీఎస్‌బీ కూడా అదే సిఫార్సు చేసింది.

బాసినెట్_భక్తుడు
మరి అంత ప్రమాదమైతే రూలెందుకు పెట్టలేదు? అడగడం తప్పు కాదుగా.

మాజీ_క్యాబిన్_క్రూ
మంచి ప్రశ్నే. అమెరికాలో విమానాల రూల్స్ పెట్టే ఎఫ్‌ఏఏ చెప్పే కారణం ఇదీ: సీటు తప్పనిసరి చేస్తే ఆ ఖర్చు భరించలేని కుటుంబాలు విమానం మానేసి కార్లో వెళ్తాయి, రోడ్డు మీద చనిపోయే పిల్లలు అంతకంటే ఎక్కువవుతారు. 2005లో ఈ కారణంతోనే ఆ ప్రతిపాదనని వదిలేశారు. అమెరికాలో ఊరి నుంచి ఊరికి వెళ్లేవాళ్ల విషయంలో అది నిజం కావచ్చు. డాలస్ నుంచి హైదరాబాద్‌కి కార్లో ఎవరూ రారు కదా! మీ అందరికీ ఆ లెక్క వర్తించదు. బిడ్డని సొంత సీట్లో కార్ సీట్ పెట్టి కూర్చోబెట్టడమే క్షేమమని ఎఫ్‌ఏఏనే చెప్తోంది, కాకపోతే బలవంతం చేయట్లేదు.

ప్లేనో_పద్మిని
ఇది చదివాక మా ఆయనకి చూపించా. చైల్డ్ టికెట్ ఓకే అయిపోయింది. ఇప్పుడు అసలు విషయం: మా కార్లో ఉన్న సీట్ 25 పౌండ్లుంటుంది, పాపంత బరువు. దాన్నే మోయాలా?

ఎడిసన్_రాజు
వద్దు, ఆ బండరాయిని కార్లోనే ఉండనివ్వండి. ప్రయాణాలకి తేలికపాటిది వేరేది పెట్టుకోండి. కాస్కో సీనెరా నెక్స్ట్ లాంటివి పది పౌండ్ల దగ్గర ఉంటాయి, ఖరీదూ తక్కువ. వేబ్ పికో ఎనిమిది పౌండ్లే, మడిచి భుజానికి తగిలించుకోవచ్చు కానీ ధర ఎక్కువ, ముందు వైపు చూసేలా మాత్రమే పెట్టగలం. కొనేముందు టేపుతో వెడల్పు కొలవండి. ఎకానమీ సీటు పదిహేడు పద్దెనిమిది అంగుళాలుంటుంది. పదహారు అంగుళాల లోపు కార్ సీట్ చాలా విమానాల సీట్లలో పట్టేస్తుందని ఎఫ్‌ఏఏ మాట. పదిహేడైనా విమానం సీటు చేతి పిడి (ఆర్మ్‌రెస్ట్) పైకి లేపితే చాలావరకు సరిపోతుంది. కానీ ముందు వరసలో పిడి లేవదు, ట్రే దాని లోపలే ఉంటుంది కాబట్టి. అందుకని కార్ సీట్‌కి ముందు వరస మంచిది కాదు.

విమానంలో కార్లోలాగా హుక్కులు, భుజం మీది బెల్టు ఉండవు. నడుం బెల్టు ఒక్కటే. దాంతో బిగించగలిగే సీటే తీసుకోవాలి. అమెరికాలో అమ్మే వాటిల్లో చాలా వాటికి ఆ వీలుంటుంది. యూరప్‌లో అమ్మే కొన్నిటికి మూడు చోట్ల పట్టే బెల్టే కావాలి, అవి విమానంలో ఊగిపోతాయి.

బిగించే తీరు చెప్తా, వీడియోల్లో ఇది సరిగా చూపించరు. చేతి పిడి లేపేయండి. ముందుకి చూసేలా పెడితే, విమానం బెల్టుని కార్ సీట్ వీపు వెనక బెల్టు కోసం ఉన్న దారిలోంచి పోనివ్వండి. బకిల్ పెట్టేముందు దాన్ని సగం తిప్పండి, తెరిచే రేకు కార్ సీట్ పెంకు వైపు కాకుండా విమానం సీటు వైపు ఉండాలి. లేకపోతే దిగేటప్పుడు రేకు లేవదు, వేళ్లు పట్టవు, వెనకాల మూడొందల మంది మీ వైపే చూస్తుంటారు. బకిల్ పాప వీపుకి గుచ్చుకునే చోటికి వస్తోందంటే ఆ వైపు పట్టీని రెండు మూడు పూర్తి మెలికలు తిప్పితే పొట్టిదై పక్కకి జరుగుతుంది. తర్వాత మోకాలితో కార్ సీట్‌ని అదిమి బెల్టు కొస లాగండి. కదిలిస్తే అంగుళం కన్నా ఎక్కువ ఊగకూడదు.

హ్యూస్టన్_వదిన
రాజు చెప్పింది అక్షరాలా నిజం. ఒక్కటి కలుపుతా. కార్ సీట్‌లో పిల్ల ఎత్తుగా కూర్చుంటుంది కాబట్టి కాళ్లు సరిగ్గా ముందు సీటుకి తగులుతాయి, ట్రే కూడా పూర్తిగా కిందికి రాదు. ఎక్కగానే బూట్లు విప్పేయండి. ముందు సీట్లో మీ ఆయన్ని కూర్చోబెట్టండి, తన్నులన్నీ ఆయనకే. (మా ఇంట్లో అదే పద్ధతి.) వెనక్కి చూసేలా పెడితే ముందు సీటు వెనక్కి వాలదు, అక్కడ తెలియనివాళ్లుంటే పద్నాలుగు గంటలూ గొడవే.

కొండాపూర్_కిరణ్మయి
మా అనుభవం అంత బాగోలేదు, అది కూడా తెలియాలి కదా. సీటు కొన్నాం, స్టిక్కరుంది, అయినా రెండో విమానంలో క్రూ ఒప్పుకోలేదు. "మా దగ్గర వెనక్కి చూసే సీట్లు కుదరవు" అన్నారు. బాబు ఏడుపు, జనం చూపులు. చివరికి ముందుకి తిప్పి పెట్టుకోనిచ్చారు. బాబు 22 పౌండ్లు దాటి ఉన్నాడు కాబట్టి మా సీట్‌ని ముందుకి తిప్పడానికి బరువు సరిపోయింది, లేకపోతే మా పని అయిపోయేది. ఎయిర్‌లైన్ పేరు చెప్పను, మళ్లీ దాంట్లోనే వెళ్లాలి.

మాజీ_క్యాబిన్_క్రూ
ఇక్కడ చాలామందికి తెలియని మెలికుంది. ఆమోదం ఉన్న కార్ సీట్‌కి టికెట్ కొంటే కాదనకూడదనే రూల్ అమెరికా ఎయిర్‌లైన్స్‌కి. గల్ఫ్, యూరప్, ఇండియా కంపెనీలకి వాళ్ల సొంత పాలసీలుంటాయి. టికెట్ అమెరికా కంపెనీ పేరు మీద కొన్నా, రెండో విమానం భాగస్వామి కంపెనీదైతే నడిపేవాళ్ల పద్ధతే నడుస్తుంది. కాబట్టి పద్మిని గారూ, ఫోన్ చేసి బుకింగ్‌లో కార్ సీట్ గురించి నోట్ పెట్టించండి. మోడల్, వెడల్పు, ఎటు చూసేలా పెడతారో చెప్పండి. వాళ్ల పాలసీ పేజీ ప్రింట్ తీసి చేతిలో ఉంచుకోండి, క్రూతో వాదించడానికి కాదు, చూపించడానికి.

సీటు కిటికీ పక్కన తీసుకోండి. మధ్య వరసల్లో అయితే నడిమి సీటు, ఎవరికీ దారి అడ్డం రాకుండా. ఎగ్జిట్ వరస, దాని ముందు వెనక వరసలు కుదరవు. గాలి నిండే బెల్టులున్న సీట్లు కూడా వద్దు, వాటితో కార్ సీట్ బిగించరు.

బాసినెట్_భక్తుడు
సరే, ఓడిపోయాను. కార్ సీట్ లేకుండా భుజాల మీదుగా వేసే పట్టీ ఏదో ఉందట కదా?

ఎడిసన్_రాజు
కేర్స్ అంటారు. పౌండు బరువు, సంచిలో పడేసుకోవచ్చు. 22 నుంచి 44 పౌండ్ల మధ్య, నలభై అంగుళాల లోపు పిల్లలకి, ముందు వైపు చూసే సీట్లకే. సీటు వెనక భాగం చుట్టూ ఒక పట్టీ, వెనకవాళ్ల ట్రే కింద నుంచి వెళ్తుంది, భుజాల మీదుగా రెండు. ఎఫ్‌ఏఏ ఆమోదం ఉంది. మాకు నచ్చనిదేంటంటే, బాబు నిద్రపోగానే కిందికి జారిపోతాడు, తల ఆనించుకోవడానికి పక్కన రెక్కలేవీ ఉండవు. పైగా దిగాక కారులో పనికిరాదు. మూడేళ్లు దాటిన పిల్లకి బాగుంటుంది.

ప్లేనో_పద్మిని
అయ్యో, కార్లో అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. హైదరాబాద్‌లో దిగాక శంషాబాద్ నుంచి మా ఇంటికి కూకట్‌పల్లి దాకా టాక్సీ. ఆ కార్లలో ఈ సీట్ పడుతుందా? లేకపోతే ఇంత మోసి ఏం లాభం?

కొండాపూర్_కిరణ్మయి
పడుతుంది కానీ టాక్సీ వచ్చాక మొదట వెనక సీటు కవర్ ఎత్తి చూడండి. చాలా కార్లలో బెల్టు బకిల్స్ కవర్ కింద కప్పబడిపోయి ఉంటాయి, డ్రైవర్‌కే తెలియదు. ఎయిర్‌పోర్టు బయట ఐదు నిమిషాలు ఆ తవ్వకంతోనే పోతుంది. ఇంకోటి, అమెరికా కార్లలో బెల్టు మొత్తం లాగి వదిలితే అక్కడే లాక్ అవుతుంది. ఇక్కడ చాలా కార్ల బెల్టులకి ఆ గుణం లేదు, కుదుపు వస్తేనే పట్టేస్తాయి. కాబట్టి మీ కార్ సీట్‌కి సొంత బెల్టు లాకు ఉందో లేదో చూసుకోండి, లేకపోతే సీట్‌తో వచ్చే హెచ్ ఆకారపు ఇనప క్లిప్ మరిచిపోకండి.

చట్టం కూడా ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించినప్పుడు 194బి సెక్షన్ పెట్టారు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకి బెల్టో, చైల్డ్ సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. ఎవరూ అడగరనుకోండి. అడగకపోయినా ఎక్స్‌ప్రెస్‌వే మీద వందలో పోయే టాక్సీలో పిల్లని ఒళ్లో పెట్టుకోవడం నాకైతే విమానంలోకన్నా భయం.

హ్యూస్టన్_వదిన
చెకిన్ లగేజీలో వేద్దామనుకునేవాళ్లకి ఒక మాట. చాలా కంపెనీలు కార్ సీట్‌కి డబ్బులు తీసుకోవు. కానీ బెల్టు మీద ఎలా విసిరేస్తారో మీకు తెలుసు కదా, పెంకు లోపల పగులు వస్తే బయటికి కనపడదు. అందుకే గేట్ వరకూ మనతోనే ఉంచుకోవడం మేలు. సెక్యూరిటీలో పిల్లని దించి సీట్‌ని ఎక్స్‌రే బెల్టు మీద పెట్టాలి. పట్టకపోతే చేత్తో తనిఖీ చేస్తారు. నడవాలో మోసుకెళ్లేటప్పుడు సీట్ని తలకిందులుగా సీట్ల వీపుల పైనుంచి ఎత్తి పట్టుకోండి, పక్కన పట్టుకుంటే ప్రతి వరసలో ఎవరి మోచేతికో తగులుతుంది.

ప్లేనో_పద్మిని
థాంక్యూ అందరికీ. ఈ రోజు ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేశా. ముందుకి చూసేలా అయితే సరే, కిటికీ సీట్లోనే అన్నారు, నోట్ పెట్టారు. సీనెరా ఆర్డర్ పెట్టాం, వచ్చాక ఇంట్లో డైనింగ్ కుర్చీకి ఒక మామూలు బెల్టు కట్టి మా ఆయన ప్రాక్టీస్ చేస్తానంటున్నారు. అత్తయ్యగారికి వీడియో కాల్‌లో చూపిస్తే "మరి నాకేం తెస్తున్నావ్, ఆ కుర్చీతో లగేజీ అంతా నిండిపోయిందా?" అన్నారు. కార్ సీట్‌కి లగేజీ లెక్క ఉండదని చెప్పా. అయితే ఇంకో రెండు కేజీల బాదం పప్పు తెమ్మన్నారు.