సైటులో స్టోరుకు పాత కంటైనరా, ఇటుక గదా? (నెల్లూరు, జి+5)

పెన్నాగట్టు:
వేదాయపాళెం వైపు 70 అంకణాల స్థలంలో జి+5 అపార్ట్‌మెంటు మొదలుపెట్టాం. గుంటలు అయిపోయినాయి. ముందు 30 అడుగుల రోడ్డు, పక్కనే స్కూలు. పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా లారీ నిలబెట్టే వీల్లేదు, కాబట్టి సరుకు కొంచెం ముందే దించి పెట్టుకోక తప్పదు. స్టోరు సంగతే తేలట్లా. పాత 20 అడుగుల కంటైనరు కొని పడేద్దామంటాడు భాగస్వామి. స్టిల్టు (కింద పార్కింగు) స్లాబు పడినాక దాని కింద నాలుగంగుళాల గోడతో గది కట్టుకుంటే చాలంటాడు మేస్త్రీ. పెట్టాల్సింది సిమెంటు 200 బస్తాలు, బైండింగ్ వైరు, కరెంటు వైర్లు, ప్లంబింగ్ ఫిట్టింగులు, వైబ్రేటరు, కటింగ్ మిషన్లు, వాటర్‌ప్రూఫింగ్ డబ్బాలు. ఏది మేలు?

ఒంగోలు_స్టోర్స్:
కంటైనరే. స్టిల్టు స్లాబు పడేదాకా రెండు మూడు నెలలు సరుకు యాడ పెడతారు, పట్టా కిందా? కంటైనరు దించిన సాయంత్రమే తాళం వేసుకోవచ్చు. పని అయిపోతే ఇంకో సైటుకు పోద్ది, గది మాత్రం పగలగొట్టాల్సిందే.

దించేటప్పుడు జాగ్రత్తలు చెప్తా. ఖాళీదే రెండు టన్నుల పైచిలుకు, ఆ బరువంతా నాలుగు మూలల మీదే పడుద్ది. కప్పెట్టిన గరుసు మీద నేరుగా పెట్టొద్దు. మూలకొకటి రెండడుగుల చదరం, అడుగు ఎత్తు కాంక్రీటు దిమ్మె పోయించండి. మన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు కాడ రైలు పట్టాలే కొట్టుకుపోయినాయి, అందుకని ఆ అడుగు ఎత్తు తగ్గించొద్దు. నాలుగు దిమ్మెలూ లెవెల్ పైపుతో ఒకే మట్టానికి తేవాలి. ఒక మూల అర అంగుళం దిగినా డబ్బా మెలిపడి తలుపులు బిగుసుకుపోతాయి. సంపు స్లాబు మీద మాత్రం ఎవరు చెప్పినా పెట్టొద్దు.

తాళం బయటికి వేలాడకూడదు. 6 మి.మీ. ప్లేటుతో తాళం చుట్టూ పెట్టె వెల్డింగ్ చేయించి, కింద చెయ్యి దూరేంత సందు వదలండి. కట్టరు నోరు అందులోకి దూరదు.

కావలి_ఫ్యాబ్రికేషన్:
తాళం పెట్టె సంగతి అందరూ చెప్తారు. బందుల సంగతి? బందు పిన్ను బయటికి ఉంటే కింద నుంచి సుత్తితో రెండు దెబ్బలేస్తే పైకి లేస్తది. తాళం జోలికి పోయేదెవరు?

ఒంగోలు_స్టోర్స్:
అది ఇంటి తలుపన్నా. కంటైనరు తలుపుకు పైనా కిందా క్యాములు (రాడ్డు కొసన ఉండే కొక్కేలు) ఫ్రేములో పట్టుకోని ఉంటాయి. బందు పోయినా తలుపు ఊడదు.

కావలి_ఫ్యాబ్రికేషన్:
కొత్తదానికి ఊడదు. మీరు కొనేది తుక్కు కిందికి వచ్చిన పాతది. క్యాము పళ్ళు అరిగి, రాడ్డు వంగి ఉంటది. హ్యాండిలు తిరిగే బోల్టు ఒక్కటి డ్రిల్లు చేసినా తాళం ఉన్నది ఉన్నట్టే ఉండి తలుపు తెరుచుకుంటది. కొనేముందు తలుపు మూసి లోపల నిలబడండి, సందుల్లోంచి వెలుతురు ఎంత వస్తుందో చూడండి. పై కప్పు తుప్పు బొక్కలు కూడా అట్టనే బయటపడతాయి. పిన్ను తలకు వెల్డింగు, హ్యాండిలు బోల్టు నట్టుకు లోపలి నుంచి టాకా (చుక్క వెల్డింగు). ఇంక బందుల వైపు తలుపు అంచుకు 12 మి.మీ. కమ్మీ ముక్కలు రెండు అతికించి, ఫ్రేముకు వాటికి ఎదురుగా బొక్కలు పెట్టండి. తలుపు మూసినప్పుడు ముక్కలు బొక్కల్లో దిగితే, పిన్ను తీసినా పీకలేరు. గదికైనా కంటైనరుకైనా ఇదే.

దర్గామిట్ట:
హైడ్రా క్రేను బాడుగ కూడా కలుపుకోండి. తెచ్చినప్పుడొకసారి, తీసేటప్పుడొకసారి.

కోవూరు_మేస్త్రీ:
200 బస్తాలు కంటైనరులో ఎట్టా పడతాయో లెక్క చెప్పండి ముందు. లోపల వెడల్పు 2.35 మీటర్లు, పొడుగు 5.9. గోడకు 60 సెం.మీ. వదిలి బస్తాలు పేర్చాలని సరుకు నిల్వకుండే భారతీయ ప్రమాణం ఐఎస్ 4082 చెప్తది. రెండు పక్కలా వదిలితే మిగిలేది 1.15 మీటర్లు. పొడుగులోనూ అంతే వదిలితే 4.7. అంటే అయిదున్నర చదరపు మీటర్లు కూడా లేదు. వరసకు పది బస్తాల కంటే ఎత్తు పోకూడదు, పోతే అడుగు బస్తాలు గడ్డ కడతాయి. బస్తా పరిస్తే 0.3 చదరపు మీటరు పడుద్ది కాబట్టి మొత్తం 180 దాటదు. అప్పుడు వైర్లు, ఫిట్టింగులు, మిషన్లు మీ భాగస్వామి ఇంట్లో పెట్టుకుంటాడా?

కింద ప్లైవుడ్డు ఉంది గదా, పలకలు ఎందుకంటారు కొందరు. ఇనుప డబ్బాకు తెల్లారేసరికి కప్పు కింద చెమట పట్టి బొట్లు పడతాయి. సర్వి కర్రల మీద పలకలేసి ఆరంగుళాలు లేపాలి, పైన పట్టా కప్పాలి. మే నెలలో మధ్యాన్నం లోపల నిలబడి చూడండి, పైపుల సొల్యూషన్ డబ్బా మూత ఉబ్బి ఉంటది.

ఒంగోలు_స్టోర్స్:
సిమెంటు కంటైనరులో పెట్టమని నేను యాడ అన్నా? విలువైన చిన్న సరుకు అందులో, సిమెంటు పక్కన రేకుల షెడ్డులో. సొల్యూషను, థిన్నరు రెండింటికీ బయట నీడలో జాలీ పెట్టె. మూడు రకాలు మూడు చోట్ల.

పెన్నాగట్టు:
సెట్‌బ్యాక్, అంటే ప్రహరీకి బిల్డింగుకు మధ్య వదిలే జాగా, మూడు మీటర్లు. కంటైనరు వెడల్పు 2.44 అంటున్నారు. తలుపులు తెరుచుకుంటాయా?

కోవూరు_మేస్త్రీ:
తలుపులు పొడుగు చివర ఉంటాయి, ఒక్కోటి నాలుగడుగుల దాకా వస్తది. ప్రహరీకి ఆనిస్తే ఒక రెక్క అడ్డంగా నిలబడిపోద్ది, పూర్తిగా వెనక్కి తిరగదు. అదీగాక ఆ సందులోనే కదా సెంట్రింగ్ జాకీలు పోవాల్సింది.

మూలాపేట:
మా వీధిలో అట్టనే పెట్టారు. ట్రాన్స్‌ఫార్మరుకు దారి లేకుండా పోయింది.

ఒంగోలు_స్టోర్స్:
సరే, గదే కట్టండి. కానీ నాలుగంగుళాల గోడ గడ్డపారకు అయిదు నిమిషాలు కూడా నిలవదు. రేకుల కప్పు ఇంకా అన్యాయం, జె-బోల్టు నట్టు పైకే ఉంటది, స్పానరు తెచ్చినోడు రేకు ఎత్తి దిగుతాడు. రేకుల కింద 8 మి.మీ. కమ్మీ ఆరంగుళాల గళ్ళు యాంగిలరుకు వెల్డింగ్ చేయించండి. స్టిల్టు స్లాబు కిందైతే కప్పు బాధ లేదు, గోడలో ప్రతి నాలుగో వరసకు రెండు 6 మి.మీ. కమ్మీలు పరిచి స్తంభాలకు కట్టండి.

ఇంత చేసి తాళంచెవి మేస్త్రీ జేబులో ఉంటే మాత్రం ఈ ఖర్చంతా పెన్నలో పోసినట్టే. దొంగ కట్టరు తీసుకుని ప్రహరీ దూకి రాడబ్బా. చెవి పెట్టి తీసి, పొద్దున్నే చెత్త ట్రాక్టరులో పంపిస్తాడు.

కోవూరు_మేస్త్రీ:
ఏంది, మేస్త్రీ అంటే దొంగా? ఆరుగంటలకు ఇరవై మంది గేటు కాడ నిలబడితే మీ స్టోర్‌కీపరు తొమ్మిదింటికి టిఫిను తిని వస్తాడు. ఆ మూడు గంటల కూలి ఎవరిస్తారు? చెవి మా దగ్గరుండేది అందుకు.

ఒంగోలు_స్టోర్స్:
దానికి దారి ఉంది. సాయంత్రం నాలుగున్నరకు రేపటి ఇండెంటు (కావాల్సిన సరుకు చీటీ) రాయండి. చీకటి పడక ముందే సరుకు తీసి పెట్టెలో వేయాలి. నాలుగడుగులు బై రెండు బై రెండు, 3 మి.మీ. రేకుతో, స్తంభం కమ్మీలకు గొలుసు. ఆ పెట్టె చెవి మేస్త్రీదే. రేపు టన్నున్నర కమ్మీ కట్టేదుంటే బైండింగ్ వైరు 12 నుంచి 15 కిలోలు, అంతకు మించి ఎందుకు? 1:1½:3 పాళ్ళలో అయిదు ఘనపు మీటర్ల కాంక్రీటు పోసేదుంటే 40 బస్తాలు. సాయంత్రం 40 ఖాళీ సంచులు లెక్కపెట్టి అప్పజెప్పాలి. పెద్ద స్టోరుకు రెండు తాళాలు, ఒకటి స్టోర్‌కీపరు దగ్గర, ఒకటి సూపర్‌వైజరు దగ్గర. రెండూ కలిస్తేనే తలుపు.

కరెంటు వైరు స్లాబు దశలో తేనే తేవొద్దు. 2.5 చదరపు మి.మీ. 90 మీటర్ల చుట్టలో రాగే రెండు కిలోలు. ఫ్లాట్లకు తలుపులు బిగించినాక, అంతస్తుకు ఎంత కావాలో అంతే.

కావలి_ఫ్యాబ్రికేషన్:
రెండు తాళాలైనా బందు పిన్ను ఒకటే గదా.

కోవూరు_మేస్త్రీ:
పెట్టె మంచిదే, కాదనను. కానీ మీరంతా తాళం, బందు అని కొట్టుకుంటుండారు. 12 మీటర్ల కమ్మీ 20 అడుగుల కంటైనరులో పడదు, పది బై పది గదిలోనూ పడదు. సైటులో అన్నిటికంటే ఖరీదైంది ఆరుబయటే పడి ఉంటది. తరుగు వచ్చిందని బిల్లులో కోసేది దాని మీదే. తాళానికి బొక్క పడినా కోత మాకే, పడకపోయినా కోత మాకే. మీకు స్టోరు అంటే అర్థం అది.

దర్గామిట్ట:
ఇప్పుడొచ్చింది అసలు సంగతి.

ఒంగోలు_స్టోర్స్:
కమ్మీ తగ్గితే కట్టినోళ్ళనే గదా అడగాల్సింది. ముక్కలు ఏమైనట్టు? మూడు శాతం దాకా తరుగు వదులుతాం, పైది కోస్తాం.

కోవూరు_మేస్త్రీ:
తగ్గిందని ఎట్టా కనిపెడతారు? పొడుగు కొలిచి, వ్యాసం వర్గాన్ని 162తో భాగించి మీటరు బరువు కట్టి. 12 మి.మీ.కి మీటరుకు 0.889 కిలోలు. కొనేదేమో కాటా బరువుకు. మిల్లు నుంచి వచ్చే కమ్మీ సరిగ్గా 0.889 ఉంటదా? కమ్మీల ప్రమాణం ఐఎస్ 1786లోనే ఆ సైజుకు అయిదు శాతం అటూ ఇటూ వదిలారు. కమ్మీ లావుగా తేలి మీటరుకు 0.92 వచ్చిందనుకోండి. పది టన్నులకు 10,870 మీటర్లు. మీరు దాన్ని 0.889తో గుణిస్తే 9,663 కిలోలు. 337 కిలోలు ఏమైనాయి మేస్త్రీ అంటారు. ఎవడూ ముట్టుకోలేదు, ఆ బరువు స్లాబులోనే ఉంది. మూడు శాతం వదిలాం అంటారే, ఒక్క ముక్క కోయకముందే ఆ మూడూ దాటిపోయింది.

ఒంగోలు_స్టోర్స్:
ఈ లెక్క తిరగేయండి. కమ్మీ సన్నగా వచ్చి 0.85 తూగితే పది టన్నులకు 11,765 మీటర్లు వస్తది. 0.889తో గుణిస్తే 10,459. సైటులో 459 కిలోలు ఎక్కువున్నట్టు. రిజిస్టరులో పది టన్నులే కాబట్టి ఆ 459 కిలోలు బయటికి పోయినా పుస్తకం సరిగ్గానే ఉంటది. ఆ లాభం ఎప్పుడైనా మేస్త్రీలు వచ్చి చెప్పారా?

కోవూరు_మేస్త్రీ:
చెప్పలా. పోయిందంటే స్టోర్‌కీపరుకు తెలియకుండా పోలా.

పెన్నాగట్టు:
గొడవ ఆపండయ్యా ఇద్దరూ. అయితే ఈ తేడా పట్టుకునేదెట్టా?

ఒంగోలు_స్టోర్స్:
లోడు దిగిన రోజే. సైజుకు మూడు కమ్మీల్లోంచి ఒక్కో మీటరు ముక్క కోయించి తూచండి, గ్రాములు చూపే కాటా కావాలి. మూడింటి సగటు చలానా వెనక రాయించి, రిజిస్టరులో ఆ లోడుకు ఆ బరువే వాడాలి, 0.889 కాదు. సైజుకో రంగు కమ్మీల కొసలకు పూయండి, లోడ్లు కలపొద్దు, కలిస్తే ఏ బరువు దేనిదో తెలియదు. కింద ఆరంగుళాల ఎత్తున దుంగలు. మనకు సముద్రపు గాలి కాబట్టి నెల పైన పడి ఉండేదైతే సిమెంటు పాలు పూయించండి. తుప్పు పొలుసు రాలినా బరువు తగ్గుద్ది, అదీ మేస్త్రీ నెత్తి మీదకే పోద్ది, అది నేనూ ఒప్పుకుంటా.

ముక్కలకు రెండు దొడ్లు. మీటరు దాటినవి ఒకదాంట్లో, రింగులకు, ఛైర్లకు (స్లాబులో పై కమ్మీని ఎత్తి పట్టే వంపు ముక్కలు) పనికొస్తాయి. దానికంటే చిన్నవి తుక్కు. వారానికోసారి ఇద్దరి ముందూ తూచి అమ్మండి, కాటా చీటీ రిజిస్టరుకు అంటించండి.

కోవూరు_మేస్త్రీ:
లోడు తూచేటప్పుడు మా వాడొకడు అక్కడుండాలి, చలానా మీద వాడి సంతకమూ ఉండాలి. అంతవరకూ రాసిస్తే పెద్ద స్టోరు చెవులు రెండూ మీరే పెట్టుకోండి, నాకొద్దు.

మూలాపేట:
మరి కంటైనరు కొనాలా వద్దా?

పెన్నాగట్టు:
సెట్‌బ్యాకులో పట్టేట్టు లేదు, వదిలేస్తుండాం. స్టిల్టు స్లాబు దాకా రేకుల షెడ్డు, కింద దుంగలు, కప్పు కింద గళ్ళు. సిమెంటు వంద వంద బస్తాలుగా తెప్పిస్తాం. పెట్టె రేపే చేయిస్తా. మీటరు ముక్కలు తూచే కాటా ఎంతలో వస్తది?

కావలి_ఫ్యాబ్రికేషన్:
కాటా తర్వాత. షెడ్డు తలుపుకు బందులు బయటికా, లోపలికా?