పావుగంటకి రంగు పోతోంది, తర్వాత చీమలు: ట్యూనర్ పోయినట్టేనా?

ప్రశ్న:
21 అంగుళాల పాత కలర్ టీవీ, పిక్చర్ ట్యూబుది. క్యాసెట్లు చూసుకోడానికి ప్లేయర్ ఆర్‌ఎఫ్ అవుట్‌పుట్ నుంచి టీవీ యాంటెనా సాకెట్‌కి కేబుల్ ఇచ్చాను. ఆన్ చేయగానే బొమ్మ అద్దంలా ఉంటుంది. పావుగంటకి ఉన్నట్టుండి రంగు పోతుంది, మాట సన్నబడుతుంది, ఇంకాసేపటికి తెర నిండా చీమలు (పాకే చుక్కలు). మళ్లీ ట్యూన్ చేస్తే వస్తుంది, మళ్లీ పోతుంది. స్టేషన్ పట్టే భాగం, అదే ట్యూనర్, మార్చేయమని ఒకరన్నారు. మార్చేదా?

జవాబు:
ట్యూనర్ జోలికి అప్పుడే వెళ్లకండి. ముందు రంగు పోయిందన్నారు, ట్యూన్ చేస్తే తిరిగి వచ్చిందన్నారు. సగం జవాబు అక్కడే ఉంది. కేబుల్ లూజై సిగ్నల్ తగ్గితే మొదట చీమలు పారతాయి, రంగు ఆ తర్వాత పోతుంది. మీకు వరస తిరగబడింది. పాల్ అనే కలర్ టీవీ పద్ధతిలో రంగు సిగ్నల్ బొమ్మ క్యారియర్‌కి (బొమ్మని మోసే అలకి) 4.43 మెగాహెర్ట్జ్ అవతల, ఛానెల్ అంచున ఉంటుంది. మాట ఇంకా అవతల. ట్యూనింగ్ పక్కకి జారితే ముందు తెగేవి ఆ రెండే.

ఇంకోటి, చీమల్ని చూసి కంగారు పడొద్దు. అవి కనబడుతున్నాయంటే ఐఎఫ్ (ట్యూనర్ తర్వాత సిగ్నల్‌ని పెంచే భాగం), వీడియో, ట్యూబు బతికే ఉన్నాయన్నమాట.

అయితే జారేది టీవీనా, ప్లేయరా? ప్లేయర్లోని మాడ్యులేటర్ (బొమ్మని టీవీ ఛానెల్‌గా మార్చి పంపే భాగం) కూడా వేడికి జారుతుంది. టీవీ ఒక్కదాన్నే అరగంట నడపండి. తర్వాత చల్లగా ఉన్న ప్లేయర్ ఆన్ చేయండి. వస్తూనే బొమ్మ తప్పి ఉంటే తప్పు టీవీదే.

అడిగినవారు:
చేశానండీ. వస్తూనే చీమలు. టీవీయే. మల్టీమీటర్ ఉంది, సోల్డరింగ్ వచ్చు.

ఇంకొకరు:
మా సెట్‌కీ ఇలాగే అయితే ఐఎఫ్ కాయిల్ కోర్ (మధ్యలోని మరలాంటి ముక్క) కాస్త తిప్పాను, బాగైంది. ప్రయత్నించండి.

జవాబు:
దయచేసి ఆ కోర్లు ముట్టుకోవద్దు. అవి వాటంతటవి తిరగవు. నేనూ ఒకప్పుడు తెలియక అర చుట్టు తిప్పాను. మొదట ఎక్కడ ఉండేదో గుర్తు పెట్టుకోలేదు, మళ్లీ దారిలో పెట్టడానికి రెండు ఆదివారాలు పట్టింది.

ఇక వెనక మూత తీసేముందు ఒక మాట. పిక్చర్ ట్యూబు రబ్బరు టోపీ కింద 20 కిలోవోల్టులకి పైనే ఉంటుంది. ప్లగ్ తీసేసినా పవర్ సప్లైలో పెద్ద కండెన్సర్ మీద 300 వోల్టులు కాసేపు నిలుస్తాయి. కొన్ని పాత సెట్లలో చాసిస్సే (లోపలి లోహపు చట్రమే) నేరుగా కరెంటు లైనుకి కలిసి ఉంటుంది, వాటికి ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (సెట్‌ని కరెంటు లైను నుంచి విడదీసేది) లేకుండా మీటర్ పెట్టకూడదు. కొలిచేటప్పుడు ఒక చెయ్యి జేబులో ఉంచుకోండి.

ట్యూనర్ రేకు డబ్బా పిన్నుల్లో వీటీ అనో బీటీ అనో ఉంటుంది. అది ట్యూనింగ్ వోల్టేజీ. నల్ల వైరు ట్యూనర్ బాడీకి, ఎర్రది ఆ పిన్నుకి. డిజిటల్ మీటరే వాడండి. పాత ముల్లు మీటర్ పెడితే అదే ఆ వోల్టేజీని కిందకి లాగేస్తుంది, దొంగని పట్టబోయి మనమే దొంగలమవుతాం. బొమ్మ బాగున్నప్పుడు ఎంత, పోయాక ఎంత, రెండూ రాసుకోండి. యూహెచ్‌ఎఫ్‌లో సున్నా నుంచి 30 వోల్టుల లోపే దాదాపు 400 మెగాహెర్ట్జ్ తిరగాలి కాబట్టి పదో వంతు వోల్టు జారినా ఒక మెగాహెర్ట్జ్‌కి పైగా తప్పుతుంది. మొదట కాసేపు ఏఎఫ్‌టీ (ట్యూనింగ్ జారితే దానంతటదే సరిచేసే ఏర్పాటు) లాక్కొస్తుంది, దాని చెయ్యి దాటాక ఒక్కసారిగా వదిలేస్తుంది. మీకు ‘ఉన్నట్టుండి’ పోవడం అందుకే. కొలిచేటప్పుడు ఏఎఫ్‌టీ ఆఫ్‌లో ఉంచండి. అదే సమయంలో, వీటీకి మూలమైన 33 వోల్టులని నిలకడగా ఉంచే ఐసీ మీద కూడా చూడండి.

మరొకరు:
మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. ఇక్కడ ఇంకా అనలాగ్ ప్రసారం అందుతోంది, ప్రతి బొమ్మకీ కుడిపక్క నీడ. ఇదీ ట్యూనరేనా?

జవాబు:
కాదండి, మీది యాంటెనా గొడవ. అల నేరుగా ఒకసారి, ఏ గోడకో గుట్టకో తగిలి ఇంకోసారి వస్తోంది. తెర ఈ చివర నుంచి ఆ చివరకి గీత గీయడానికి 52 మైక్రోసెకన్లు పడుతుంది, ఒక మైక్రోసెకనులో అల 300 మీటర్లు పోతుంది. 21 అంగుళాల తెర మీద నీడ సెంటీమీటరు జరిగితే అల సుమారు 350 మీటర్లు చుట్టు తిరిగి వచ్చిందన్నమాట. యాంటెనాని కొద్దికొద్దిగా తిప్పి చూడండి. నీడ బొమ్మకి అంటుకుపోయి అంచు మసకగా ఉంటే మాత్రం వైరు చూడండి, 300 ఓముల చదును వైరుని బాలన్ (రెంటినీ జతకలిపే చిన్న ట్రాన్స్‌ఫార్మర్) లేకుండా 75 ఓముల సాకెట్‌లో దూర్చి ఉంటారు.

అడిగినవారు:
కొలిచాను. 33 వోల్టులు కదలలేదు. వీటీ మాత్రం 9.4 నుంచి 9.1కి దిగింది.

జవాబు:
అయితే 33 ఐసీ మంచిదే. వీటీ పిన్ను దగ్గర నేలకి (బాడీకి) కలిపిన చిన్న కండెన్సర్లు రెండుమూడు ఉంటాయి. వాటిలో ఒకటి లీకవుతుండాలి. ప్లగ్ తీసి, ఒక్కొక్కటే మార్చి చూడండి. అవన్నీ మార్చినా దిగితేనే ట్యూనర్‌ని అనుమానించాలి.

అడిగినవారు:
రెండోదే! తీసి మీటర్‌తో చూస్తే మంచిదే అన్నట్టు కనబడింది. సోల్డరింగ్ ఐరన్ దగ్గరగా పట్టుకుంటే ఓమ్ రీడింగ్ దిగడం మొదలైంది. కొత్తది వేశాక గంటన్నర నడిపాను, వీటీ కదల్లేదు. కానీ ఇప్పుడు మొదటినుంచే స్టేషన్ తప్పి ఉంది?

జవాబు:
ఉండాలి మరి. పాత మెమరీ లీకున్న వోల్టేజీ మీద పట్టుకున్నది. ఏఎఫ్‌టీ ఆఫ్ చేసి, రంగు నిండుగా వచ్చేదాకా ట్యూన్ చేసి, స్టోర్ నొక్కి, తర్వాత ఏఎఫ్‌టీ ఆన్ చేయండి.